తల పైన ఎంత ఆకాశం

చిలోయే దీవిలో వాన అలసిపోయిన కాసేపే
మాకు షూటింగు.
నీళ్లలో కర్రకాళ్ల మీద నిలబడ్డ ఇళ్ల వెనక
చేపల గోదాము మేడ మీద తరగతి.
పదకొండు మందిమి, రెండు కెమెరాలు,
ఒక కాలు పొట్టిదైన ట్రైపాడ్.
దాని కింద ఎత్తుకి ఒక ఆల్చిప్ప, నేను తెచ్చిందే.
పగలంతా ఫ్యాక్టరీలో వాటిని వొలిచే చేతులు నావి.

నోల్ఫా టీచర్ బొటనవేళ్లూ చూపుడువేళ్లూ కలిపి
గాలిలో చిన్న కిటికీ కట్టి
అందులోంచి మమ్మల్ని ఒక్కొక్కరినే చూస్తుంది.
ఆ కిటికీలో పడ్డవాళ్లు
నవ్వాలో ఊరుకోవాలో తెలీక గొంతు సవరించుకుంటారు.

తెరని నిలువుగా రెండు గీతలు, అడ్డంగా రెండు గీతలు కొయ్యమంది.
గీతలు కలిసేచోట కన్ను పెట్టమంది.
నట్టనడుమ నిలబెడితే పాస్‌పోర్టు ఫోటో అంది.
మనిషి ఎటు చూస్తే అటు కొంచెం జాగా వదలండి,
చూపు కూడా నడవాలి కదా,
ఎవరి ముక్కునైనా గోడకేసి రుద్దుతామా?
తల పైన ఖాళీ ఎక్కువైతే
మనిషి నీళ్లలో దిగబడినట్టుంటాడు,
తక్కువైతే చూరు తగిలినట్టు.
మరి ఎంత? అని అడిగాను.
"టోపీ ఎత్తి పలకరించేంత."

నా వంతుకి వచ్చింది
పడవలు కట్టే దోన్ అబ్దోన్ చిగ్వాయ్.
"కుడిచెయ్యి తియ్యకు పిల్లా," అన్నాడు కూర్చోకముందే.
రంపం పట్టుకుపోయిన రెండు వేళ్ల సంగతి
రేవులో అందరికీ తెలిసిందే.
సరేనని ఛాతీ దాకా కట్టాను చట్రం.

కానీ పడవ పక్కటెముకల గురించి చెప్పేటప్పుడు
మాటకన్నా ముందు చెయ్యి లేస్తుంది.
చెక్కని ఆవిరి పట్టి ఎలా వంచుతారో
నోరు సగం, చెయ్యి సగం చెబుతాయి.
అది లేచినప్పుడల్లా నేను కెమెరా పైకెత్తాను.
గడ్డం మాయమైంది. ఓసారి మనిషే మాయమయ్యాడు,
తెర నిండా మబ్బు.

"ఏదీ, చూడనీ," అని వచ్చి
చిన్న తెరలోకి వంగాడు.
తన ముఖం సంగతి ఎత్తలేదు.
"నీ సముద్రం ఎడమపక్కకి ఒలికిపోతోంది."
బురదలో కూరుకుపోయింది నా ఆల్చిప్ప.
జేబులోంచి రసమట్టం తీసి ట్రైపాడ్ తల మీద పెట్టాడు,
సైప్రస్ చెక్క పేడు ఒకటి చెక్కి కాలికింద తట్టాడు.
బుడగ జరిగి జరిగి
నడిమికి వచ్చి ఆగింది.
నలభై ఏళ్లుగా ఈయన చేస్తున్నదీ ఇదే కదా,
నీళ్ల గీతకి లెక్క చూసుకోవడం.

మీ టీచరమ్మ వేళ్లతో ఏదో కడుతుందటగా, చూపించు, అన్నాడు.
చూపించాను.
ఎడమచెయ్యి సరిగ్గానే వచ్చింది. కుడివైపు
బొటనవేలు వచ్చి పైకప్పై నిలబడింది,
కిందికి దిగాల్సిన గోడ లేదు.
మూడు పక్కలే ఉన్న కిటికీ.
చటుక్కున దించేస్తాడనుకున్నాను.
దించలేదు. అందులోంచి చాలాసేపు
సగం కట్టిన పడవని చూశాడు.
"ఇది నయం పిల్లా,
ఈ పక్కనుంచి పడవ బయటికి పోవచ్చు."

తర్వాత ఆ కిటికీ నా మీదికి తిప్పాడు.
తియ్యి, అన్నాడు. నడిమధ్యలో పెట్టు.
గీతలు మరిచిపోయాను. ఖాళీ మరిచిపోయాను.
వాన మొదలైంది, లెన్సు మీద రెండు చుక్కలు.

శుక్రవారం తరగతిలో
నోల్ఫా టీచర్ రెండు మార్కులు కోసింది:
తల తెగిందని ఒకటి, చుక్కలకి ఒకటి.
బొమ్మని మాత్రం ఆపేసి అలాగే ఉంచింది,
గంట కొట్టి అందరూ మెట్లు దిగేదాకా.

ట్రైపాడ్ సర్దుతుంటే
కాలికి అంటుకుని చెక్క పేడు వచ్చింది.
ముక్కు దగ్గర పెట్టుకున్నాను.
ఇంకా తడి వాసనే.